రేకుల గదిలో మంచు జొన్న

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం చీరలు సర్దుదామని ఇనుప బీరువా పిడి పట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. జహీరాబాదుకు ఎండలు కొత్త కాదు, పడమటి గోడకు ఆనించిన బీరువా కాలడంలోనూ వింత లేదు. కాని తలుపు తీయగానే లోపలి ఉడుకు గాలి ముఖానికి కొట్టింది. నేను తలుపు మూసి కుర్చీలో కూలబడ్డాను. ఎండదెబ్బ తగిలిందేమోనని మా కోడలు మజ్జిగ కలిపి తెచ్చింది. తాగాను. అది ఎండదెబ్బ కాదనీ, ఎనిమిదేళ్ల కిందట నేను తాళం వేసిన ఒక గదిలోని గాలి అనీ ఇంట్లోవాళ్లకు చెప్పుకొనే ధైర్యం ఆ పూట చాలలేదు. ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను.

ముప్పై నాలుగేళ్లు తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. హాజరుపట్టీలో గీత వంకరపోతే ఆ పేజీ మళ్లీ రాయించిన చరిత్ర నాది. మా ఇంట్లో గరిటెలు సైతం ఎత్తు ప్రకారం వేలాడేవి. మా అన్న భార్య, అంటే మా వదిన, దీనికి పూర్తిగా ఎదురు. ఝరాసంగం వైపు మా పుట్టిన ఊళ్లోనే ఉండి, అన్న పోయాక ఒంటరిగా నాలుగెకరాలు దున్నించుకుంటూ, ఆ చుట్టుపక్కల ఆడవాళ్లందరినీ ఒక సంఘంగా కూడగట్టింది. అక్షరం ముక్క రాదు. అయినా కరువు మీద, ఆకలి మీద ఎక్కడెక్కడి దేశాల వాళ్లో పెట్టే సభలకు ఆమెను పిలిచేవారు. వచ్చే ఉత్తరాలు చదివిపెట్టి, జవాబులు రాసిపెట్టడం నా పని. నన్ను పేరుతో పిలవడం ఆమె ఏనాడో మానేసింది. పంతులమ్మ అనేది. అందులో గౌరవం పావు వంతు, వెక్కిరింత ముప్పావు వంతు.

సంఘం చేసే పని ఒక్క మాటలో చెప్పవచ్చు: విత్తనాన్ని కాపాడడం. సామలు, కొర్రలు, తైదలు, కందులు, ఉలవలు, ఇలా అంగట్లో దొరకని పాత రకాలను ఒక్కో ఇల్లు ఒక్కో రకం చొప్పున దాచేది. దాచే పద్ధతి నాకు మొదటినుంచీ కంటికి నచ్చేది కాదు. పేడతో అలికిన వెదురుబుట్టలో గింజలు పోసి, పొయ్యి బూడిద, వేపాకు కలిపి, మూతి మీద మట్టి మెత్తేవారు. ఒక బుట్ట అటక మీద ఉండేది, ఒకటి మంచం కింద, మరొకటి మేకల దొడ్డి పక్కన. పేరు రాసిన చీటీ ఒక్కటీ ఉండదు. ఏది ఎక్కడుందని అడిగితే వాళ్లు చేత్తో గాలిలో చూపించేవారు.

అన్నింటిలోకీ అపురూపమైనది మంచు జొన్న. వానలు వెనక్కి పోయాక నల్లరేగడిలో విత్తితే, మరి చుక్క నీరు లేకుండా శీతకాలపు మంచుతోనే పండేది. కంకి చిన్నది, గింజ తేనెరంగు, రొట్టె చేస్తే మరునాటికీ మెత్తగా ఉండేది. ఆ రకం మా ఊళ్లో తప్ప ఎక్కడా మిగలలేదు. దాన్ని కాపాడుతున్నది మూలింటి ముసలవ్వ ఒక్కతే.

ఆ ఏడు చైత్రంలో వదినకు సముద్రాల అవతలి ఒక సభకు పిలుపు వచ్చింది. మూడు వారాల ప్రయాణం. వెళ్లే ముందు జహీరాబాదులో మా ఇంటికి వచ్చి, గడపలోనే నిలబడి చెప్పింది.

"సంఘం దిక్కు జర సూడు పంతులమ్మా. గింజలు ఎండకు పెడ్తమంటే పెట్టనియ్యి. ఇంకేం జేయకు."

"నేనేం చేస్తాను వదినా?"

"గదే నా ఫికర్" అని నవ్వి ఆటో ఎక్కింది.

ఆమె వెళ్లిన వారానికే ఉత్తరం వచ్చింది. విత్తనం చూడడానికి విదేశీ అతిథుల బృందం ఒకటి వైశాఖంలో మన ఊరికి వస్తుందట. నాకు కాళ్లు నిలవలేదు. మేకల దొడ్డి పక్కన బుట్టలు చూపించడమా? మరునాడే షేర్ ఆటోలో ఊరికి చేరాను. సంఘానికి రేకుల కప్పు గది ఒకటుంది. దానికి సున్నం వేయించాను. పట్నం నుంచి మూతలు బిగుసుకొనే ప్లాస్టిక్ డ్రమ్ములు తెప్పించాను. ఇంటింటికీ వెళ్లి బుట్టలన్నీ గదికి చేర్పించాను. జల్లెడ పట్టించి బూడిద తీయించాను. అయినా గింజకు మసక వదలలేదు. అతిథులు చేతిలోకి తీసుకొని చూస్తారు కదా అని నీళ్లలో కడిగించి, ఒక్క పూట నీడపట్టున ఆరబెట్టించి, డ్రమ్ముల్లో పోయించి మూతలు బిగించాను. ప్రతి డ్రమ్ము మీదా గుండ్రని అక్షరాలతో పేర్లు రాసి అంటించాను. చివరి చీటీ అంటించాకగాని సంఘంలో చాలామందికి చదవడం రాదన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

ఆడవాళ్లు అడ్డు చెప్పకపోలేదు. వదిన వచ్చేదాకా ఆగుదామని ఒకరిద్దరు గొణిగారు. బడిలో పిల్లలను చూసిన చూపే వాళ్లనూ చూశాను. గొణుగుడు ఆగింది. మూలింటి అవ్వ మాత్రం తన బుట్టను ఒడిలో పెట్టుకొని చాలాసేపు లేవలేదు.

"గా బూడిదె దీస్తే గింజకు బట్టలిప్పినట్టే పంతులమ్మా. ఎండాకాలమన్న ఉండనియ్యరాదా?"

"శుభ్రంగా ఉంటే పురుగు రాదు అవ్వా. పుస్తకాల్లో ఉంది."

ఏ పుస్తకంలో ఉందో ఆమె అడగలేదు. అడిగి ఉంటే చూపడానికి నా దగ్గర పుస్తకం ఉండేది కాదు. ఇంట్లో దోసెడైనా మిగుల్చుకుంటానందామె. క్రమం క్రమమే అన్నాను. చదువుకున్నది అడుగుతోంది కదా అని అవ్వ చివరి గింజదాకా దులిపి ఇచ్చింది. నేను గదికి తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను.

తాళం వేసిన ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, మిట్టమధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. అక్కడ తన పక్కన కూర్చున్న ఒకామె గురించి చెప్పింది. ఎడారి దేశం మనిషట. వాళ్ల దిక్కు యుద్ధం వస్తే, భద్రంగా ఉంటుందని పెద్దవాళ్లెవరో ఊళ్ల విత్తనమంతా ఒకే కొట్టంలో పెట్టించారట. ఆ కొట్టం కాలిపోయిందట.

"తిండిగింజలు బస్తాలకు బస్తాలు పంపిన్రట పంతులమ్మా. ఇత్తనం ఎవరు పంపుతరు? ఆమె ఏడ్వలే. ఇనేటోళ్లమే ఏడ్చినం. ఇల్లిల్లుకు ఉంటే ఒక్క ఇల్లన్న మిగులు గద. మనోళ్లు ఎన్నడు ఒక్క తావుల పెట్టరాదని నేను గూడ లేచి చెప్పిన. ఆమె నా చెయ్యి వట్టుకున్నది." అంతలోనే అడిగింది. "మన గింజలెట్లున్నయి?"

తాళంచెవి ఆ క్షణంలో నా చేతిలోనే ఉంది. బయట ఎండ తెల్లగా మండుతోంది. కాకి కూడా అరవడం లేదు.

"అంతా సక్రమంగా ఉంది" అన్నాను.

ఆ సాయంత్రమే ఊరికి వెళ్లి మూతలు తీయించి ఉంటే ఎంతో కొంత దక్కేది. ఈ మాట నేను చాలామార్లు అనుకున్నాను. కాని అతిథులు రావడానికి నాలుగు రోజులే ఉంది. ఆ డ్రమ్ముల వరుస ఎంత చక్కగా ఉందో! ఎవరింటి గింజలు వాళ్లకు తిరిగి ఇస్తే మళ్లీ మంచం కిందికే పోతాయి. అతిథులు వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, నా అక్షరాలను మెచ్చుకున్నారు. వాళ్లలో పెద్ద వయసామె మంచు జొన్న డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి, వేడి తగిలి చటుక్కున తీసేసింది. నా వైపు చూసి మర్యాదగా నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థమైంది. అయినా వాళ్లను టీకి తీసుకెళ్లాను.

వదిన తిరిగి వచ్చిన రోజు ఇంటికి పోలేదు. బస్సు దిగి, సంచి భుజాన ఉండగానే సంఘం గదికి వచ్చింది. ఎవరో ముందే చెప్పినట్టున్నారు. నేను తాళం తీశాను. మూత విప్పగానే పులిసిన వాసనతో వెచ్చటి ఆవిరి లేచింది. మూత లోపలివైపు చెమట బొట్లు బొట్లుగా పట్టి ఉంది. వదిన ఒక గింజ తీసి పంటికింద పెట్టింది. ఆరిన విత్తనం కొరికితే కటుక్కుమంటుంది. శబ్దం రాలేదు. రెండో డ్రమ్ము, మూడోది, నాలుగోది, అలా గది చివరిదాకా కొరుకుతూ పోయింది. నా వైపు తిరగలేదు.

ఒక్కో రకం గుప్పెడు తీసి తడి గోనెసంచుల్లో చుట్టారు. మూడు రోజులు ఆగాలి. మిరుగం, అంటే తొలకరి విత్తనాల మృగశిర కార్తె, ముంచుకొస్తోంది. మొలక రాకపోతే ఆ యేడు సంఘం ఆడవాళ్లకు విత్తడానికి గింజ లేదు. పొలాలు బీడు పెట్టి పరాయి చేలల్లో కూలికి పోవలసిందే. ఆ మూడు రోజులూ వాళ్లు దవాఖాన వరండాలో బంధువుల్లా గది ముందర కూర్చున్నారు. వంట కూడా వంతుల మీద చేసుకున్నారు. మూడో నాటి పొద్దున సంచులు విప్పితే కందుల్లో నాలుగైదు, ఉలవల్లో కొన్ని మొలకలు కనిపించాయి. తక్కినవి నల్లబడి నీరుకారాయి. మంచు జొన్న సంచిలో ఒక్కటీ లేదు. డ్రమ్ము అడుగుదాకా వెతికి ఇంకో గుప్పెడు, మరో గుప్పెడు చుట్టారు. లేదు.

అవ్వ నా పక్కకు వచ్చి కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఇయ్యకుంట ఉండాల్సింది బిడ్డా. అంత ఒక్కపాలి ఎవ్వలకు ఇయ్యొద్దని మా అత్త నాకు చెప్పే ఇచ్చింది. తప్పు నాదే" అంది.

ఆ తరువాత వదిన చెప్పులు వేసుకొని బయలుదేరింది. రాయికోడ్, కోహీర్, సరిహద్దు దాటి కన్నడ ఊళ్లు. మన ఆడపిల్లలు కాపురానికి పోయిన ప్రతి గడపా ఎక్కింది. పుట్టింటి నుంచి పట్టుకుపోయిన విత్తనం వాళ్ల బుట్టల్లో బూడిద కప్పుకొని ఇంకా ఉంది. సామలు ఒక చోట, కొర్రలు ఒక చోట దొరికాయి. నేను వెంట నడిచి మూటలు మోశాను. మిరుగానికి చాలినంత కాకపోయినా, సగం చేలల్లో విత్తనం పడింది. మంచు జొన్న అడిగిన చోటల్లా ముసలివాళ్లు పేరు గుర్తుపట్టారు, రుచి చెప్పారు, ఖాళీ చేతులు చూపించారు.

ఆ యేడు చలికాలంలో జహీరాబాదులో సభ జరిగింది. వేరే వేరే దేశాల ఆడవాళ్లూ వచ్చారు. వదిన మాట్లాడుతుంది, నేను వాళ్లకు ఇంగ్లీషులో చెప్పాలి. తన వంతు రాగానే ఆమె లేవలేదు. మైకు నా ముందుకు జరిపింది.

"మంచు జొన్న సంగతి నువ్వే చెప్పు పంతులమ్మా. నేను చెప్తే నింద అయితది. నువ్వు చెప్తే పాఠమైతది. పాఠం చెప్పుడు నీకు కొత్తనా?"

చెప్పాను. కడిగించినది, తాళం వేసినది, ఫోనులో అబద్ధమాడినది, ఏదీ దాచలేదు. అప్పటినుంచి ఎన్ని ఊళ్లలో చెప్పానో! నన్ను క్షమించానని వదిన ఏనాడూ అనలేదు. నేనూ అడగలేదు. మరుసటి సభకు మాత్రం మళ్లీ నన్నే పిలుస్తుంది.

అవ్వ పోయి మూడేళ్లయింది. ఆ రొట్టె రుచి ఎరిగినవాళ్లు ఇప్పుడు ఊళ్లో నలుగురు మిగిలారు. వదినకు ఈమధ్య కొన్ని పేర్లు గుర్తురావడం లేదు. ఆ మాట ఎవరితోనూ అనొద్దంది. ఋతువులు మాత్రం తేదీ తప్పకుండా వస్తున్నాయి. క్రమం కోసం జీవితమంతా పోరాడినదాన్ని, కాలానికున్నంత క్రమం నేనెక్కడా చూడలేదు. ఆ క్రమంలో ఏ తప్పునైనా దిద్దుకోవడానికంటూ విడిగా ఉంచిన రోజు ఒక్కటీ లేదని తెలిసేసరికి నాకు డెబ్బై దాటాయి.