నిలబెట్టి తీసిన కొలత

ఆమె మా బైకుల క్లబ్బు సభ్యురాలు కాదు. అసలు బైకు నడపడమే రాదు. ఎప్పుడైనా భర్త వెనక కూర్చోవలసి వస్తే సీటు పట్టీని రెండు చేతులా బిగించి పట్టుకుని, దిగేదాకా పెదవి విప్పదు. అయినా మా క్లబ్బులో ముప్పైమందిమి ఉంటే, ఆమె సూది తగలని జాకెట్టు వేసుకున్నవాళ్ళం తక్కువ. చినిగిన జేబు, ఊడిన జిప్పు, వదులైన నడుము, ఏదైనా ఆమె దగ్గరికే. అందరం కుట్టక్క అనేవాళ్ళం. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు.

టైర్ల షాపుకూ స్పేర్ పార్టుల షాపుకూ నడుమ ఇరుక్కున్న ఒక షట్టరు గది ఆమె కొట్టు. గోడకు రెగ్జిన్ చుట్టలు, మూలన ఫోమ్ ముక్కల గుట్ట, మధ్యలో మందపాటి గుడ్డ కుట్టే పెద్ద మిషను. అసలు పని సీటు కవర్లు. బైకులకూ, వ్యాన్లకూ, అప్పుడప్పుడూ లారీలకూ. చిన్నప్పుడు మేనమామ దగ్గర కూర్చుని నేర్చుకుందట. సూది తోసీ తోసీ కుడి బొటనవేలు కాయ కాసిపోయింది. ఎవరైనా జాకెట్టు తెచ్చి "ఇది చాలా మందం అక్కా, సూది దిగుతుందో లేదో" అంటే, ఆ వేలు చూపించి "దీనికన్నా మందమా?" అని నవ్వేది.

మా క్లబ్బుకు పెద్ద ఒక పళ్ళ డాక్టరు. ఆదివారం పొద్దున్నే పెట్రోలు బంకు పక్కన అందరినీ వరసగా నిలబెట్టి తనిఖీ చేసేవారు. హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసేవారు. గ్లవ్స్ ఉన్నాయా, బూట్ల లేసులు లోపలికి దోపారా అని అడిగేవారు. చివరికి భుజాల మీదా మోచేతుల మీదా పిడికిలితో టకటకా కొట్టేవారు. లోపల గట్టి ప్యాడు ఉంటే టక్కుమంటుంది. లేకపోతే ఆ రోజు మనకు ప్రయాణం లేదు, ఇంటికే. నోరు తెరవమని అడక్కుండా ఆయన మనుషుల్ని చూసేది వారంలో ఆ ఒక్క పూటే అని మేం నవ్వుకునేవాళ్ళం. హాజరు పట్టీ నా చేతిలో ఉండేది కాబట్టి ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగేవి.

మందుల షాపులో పనిచేసే అమ్మాయి ఒకతె క్లబ్బులో కొత్తగా చేరింది. హుషారైన పిల్ల. మొదటి జీతాలు కూడబెట్టి కొనుక్కున్న జాకెట్టు పట్టుకుని కుట్టక్క దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, ఇది వేసుకుంటే దిండు గలీబులో దూరినట్టుంది. ఈ మోచేతి ప్యాడు చూడు. మోచెయ్యి ఇక్కడుంటే అది ముంజేతి మీదికి దిగిపోయింది."

కుట్టక్క చూసింది. నిజమే. చెయ్యి కిందికి వేలాడేస్తే ప్యాడు మోచేతికి రెండు వేళ్ళ మేర కింద ఉంది.

"ఎవరి చెయ్యి చూసి కుట్టారో ఏమో! ఇలా నిలబడు తల్లీ. చేతులు వదిలెయ్. ఊపిరి బిగపట్టకు, నేనేం ఇంజెక్షను వెయ్యను."

సుద్దముక్కతో గుర్తుపెట్టుకుని లోపలి అస్తరు విప్పింది. ప్యాడు ఉండే జేబును రెండు వేళ్ళు పైకి జరిపి కుట్టింది. చేతులు కాస్త బిగించింది. అమ్మాయి వేసుకుని అద్దం ముందు నిలబడితే, ఆమె కోసమే కోసి కుట్టినట్టు అమరింది. తర్వాతి ఆదివారం డాక్టరుగారు పిడికిలితో కొడితే మోచేతి దగ్గర టక్కుమంది. "శభాష్, ఇదీ అమరిక అంటే" అన్నారాయన. ఆ మాట విని మాలో కొందరం మోచేతి ప్యాడు జరిపించుకోవడానికి కుట్టక్క దగ్గరికి క్యూ కట్టాం. ఆ అమ్మాయిదీ కలిపి మొత్తం పదకొండు జాకెట్లు. అందులో ఒకటి నాది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఊరి బయట మలుపు తిరుగుతుంటే రోడ్డు మీద ఒలికిన కంకర మీద ఆ అమ్మాయి ముందు చక్రం జారింది. పెద్ద వేగమేం కాదు. మా కళ్ళ ముందే బైకు ఒకవైపు పడితే, ఆమె ఇంకోవైపు పడింది. హెల్మెట్ గీసుకుపోయింది కానీ తలకు దెబ్బ లేదు. గ్లవ్స్ అరిగాయి కానీ అరచేతులు బాగానే ఉన్నాయి. ఎడమ మోచెయ్యి మాత్రం నుజ్జయింది. ఆసుపత్రిలో జాకెట్టు చేతిని కత్తెరతో కోసి తీశారు. రెండు ఆపరేషన్లు, ఒక ప్లేటు, కొన్ని మరలు.

"జాకెట్టు లేకపోతే చెయ్యే పోయేది" అన్నారు డాక్టరుగారు. మేమందరం అదే నమ్మాం. కొత్తవాళ్ళకు చూపించడానికి పనికొస్తుందని ఆయన ఆ చిరిగిన జాకెట్టును అడిగి తీసుకుని కుట్టక్క కొట్టుకు వెళ్ళారు.

"కోసిన చోట పైపైన కలిపి కుట్టండి చాలు. అరిగిన చోటు మాత్రం ముట్టుకోవద్దు. అదే చూపించాలి మనవాళ్ళకి."

ఆయన వెళ్ళాక ఆమె జాకెట్టును బల్ల మీద పరిచింది. ఎడమ చేతిమీద అరచెయ్యంత మేర గుడ్డ అరిగి, దారాలు లేచి, అస్తరు దాకా చిల్లు పడింది. లోపల చెయ్యి పెట్టి ప్యాడు బయటికి లాగింది. దాని మీద ఒక్క గీత లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

రోడ్డు తగిలింది ఒకచోట, ప్యాడు ఉన్నది ఇంకోచోట.

కొట్టు ముందు సీటు కవరు కోసం వదిలివెళ్ళిన బైకు ఒకటి ఉంది. ఎవరు చూస్తారో అన్న ఆలోచన కూడా లేకుండా, చిరగని కుడి చేతి వైపు ప్యాడు అలాగే ఉంచి ఆ జాకెట్టు తొడుక్కుంది. జీవితంలో మొదటిసారి బైకు ముందు సీటు మీద కూర్చుని రెండు చేతులూ చాచి హ్యాండిలు పట్టుకుంది. భుజాలు ముందుకు వంగగానే జాకెట్టు చెయ్యి మొత్తం పైకి లాక్కుపోయింది. రెండో చేత్తో తడుముకుంది. ప్యాడు మోచేతిని వదిలి దండ మీదికి ఎక్కి కూర్చుంది. మోచేతి దగ్గర మిగిలింది వట్టి గుడ్డ.

కంపెనీ వాళ్ళు దాన్ని కిందికి పెట్టింది తెలియక కాదు. బండి మీద కూర్చున్న మనిషిని చూసి పెట్టారు. తను నిలబెట్టి కొలిచింది.

టైర్ల షాపతను ఇదంతా చూసి "ఏంటక్కా, నువ్వూ క్లబ్బులో చేరావా?" అని వేళాకోళం చేశాడు. ఆమె బైకు దిగి షట్టరు సగం దించుకుని లోపల కూర్చుండిపోయింది.

ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. మంచివాడే, కానీ తగువంటే ఆమడ దూరం పోతాడు. ఇంటికి రాగానే ఆమె చెప్పింది. అతను మొహం కడుక్కుంటూ విని తువ్వాలుతో తుడుచుకోవడం మరిచిపోయాడు.

"ఎవరైనా అడిగారా నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"మరింకేం? ఆ పిల్లే కదా పైకి పెట్టమంది. నువ్వు నీ అంతట నువ్వు మార్చావా? ఇప్పుడు పోయి చెప్పావనుకో, ఊరంతా నీ మీద పడుతుంది. కొట్టు మూసుకోవాల్సి వస్తుంది."

"ఇంకా పది జాకెట్లున్నాయి. అవి వేసుకుని తిరుగుతున్నారు."

అతను తువ్వాలు దండెం మీద పడేసి, "నీ ఇష్టం. నాకు తెలిసింది నేను చెప్పాను" అన్నాడు. మూడు రోజులపాటు ఇద్దరూ అవసరమైన మాటలు తప్ప మాట్లాడుకోలేదు. ఇదంతా తర్వాత ఆమే నాతో చెప్పింది.

నాలుగో రోజు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎవరి పన్నో తీసి చేతులు కడుక్కుంటున్నారు. ఆమె రోగుల కుర్చీలో కూర్చుని, జాకెట్టు తొడుక్కుని, చేతులు చాచి చూపించింది. ఆయన అలవాటు కొద్దీ పిడికిలితో మోచేతి మీద కొట్టారు. టక్కుమనలేదు. ఆమె "అబ్బా" అంది.

ఆయన పిడికిలి వెనక్కి తీసుకున్నారు.

"నేను ప్రతి వారం కొట్టి చూశానమ్మా. వరసగా నిలబెట్టి. నిలబెట్టే చూశాను."

"మీరు చూసింది నా కుట్టునే కదండీ."

ఆయన ఆ సాయంత్రమే అందరికీ ఫోన్లు చేశారు. నా తప్పు కూడా ఉంది, మీ జాకెట్లు వేసుకుని బండి మీద కూర్చుని ఒకసారి తడిమి చూసుకోండి అని. నేను చూసుకున్నాను. నాలుగు నెలలుగా ఏ ధైర్యంతో తిరిగానో ఆ ధైర్యం నాకు సంబంధం లేని చోట కుట్టి ఉంది.

మందుల షాపు అమ్మాయి దగ్గరికి మాత్రం తానే వెళ్తానని, ఎవరూ ముందు చెప్పొద్దని కుట్టక్క అంది. తోడు రమ్మంటే నేను వెళ్ళాను. ఆ అమ్మాయి తన అక్క ఇంట్లో ఉంటోంది. ముందు గదిలో మంచం, కిటికీ గట్టు మీద మందులు వేళల వారీగా సర్ది ఉన్నాయి, షాపులో సర్దినట్టే. చెయ్యి మడిచి మెడకు వేలాడదీసి ఉంది.

కుట్టక్క కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది.

ముందు ఆ అమ్మాయి అక్క లేచింది. "ఏం చేశారో తెలుస్తోందా మీకు? రాని పని ఎందుకు పెట్టుకున్నారు? సీటు కవర్లు కుట్టుకోక!"

"అక్కా, ఆగు. నేనే అడిగాను" అంది అమ్మాయి.

"నువ్వు అడిగావమ్మా. అడగడం నీ వంతు. అది అక్కడెందుకు ఉందో తెలుసుకుని విప్పడం నా వంతు. నేను తెలుసుకోలేదు."

అమ్మాయి కిటికీ వైపు చూస్తూ అడిగింది. "అది అక్కడే ఉండి ఉంటే ఎముక విరిగేది కాదా?"

ఎలాగైనా విరిగేదేనని అబద్ధమాడితే ఆ క్షణానికి అందరికీ తేలికగా ఉండేది. కుట్టక్క అలా అనలేదు.

"తెలియదమ్మా. విరిగినా ఇంత విరిగేది కాదేమో. నాకు తెలియదు."

"సరే. ఇవాళ్టికి వెళ్ళండక్కా" అంది ఆ అమ్మాయి. కోపంగా అనలేదు. అలా అనడమే మాకు ఎక్కువ తగిలింది. మెట్లు దిగుతుంటే కుట్టక్క నా భుజం పట్టుకుంది. రెండు మెట్లు దిగాక వదిలేసింది.

ఆ తర్వాత జాకెట్లు వెనక్కి తెప్పించే పని మొదలైంది. కొట్టు ముందు ఒక పాత బైకును స్టాండు వేసి పెట్టింది. తెచ్చినవాళ్ళని దాని మీద కూర్చోబెట్టి, చేతులు చాపించి, జేబు కుట్లు విప్పి పాత చోటికి దించింది. ఎనిమిదిమంది వారంలోపే వచ్చారు. ఫొటో స్టూడియో అతను మాత్రం రానన్నాడు. "నాది భేషుగ్గా ఉంది. మళ్ళీ ముట్టుకుని పాడుచేయకు" అన్నాడు ఫోన్లో. ఆమె కత్తెర సంచిలో వేసుకుని స్టూడియోకే వెళ్ళింది. అతను ఎవరికో పాస్‌పోర్టు ఫొటో తీస్తున్నాడు. అది అయ్యేదాకా ఆగి అదే స్టూలు మీద అతన్ని కూర్చోబెట్టింది.

"గడ్డం పైకెత్తనా? నవ్వనా?" అన్నాడు వెటకారంగా.

"నవ్వు తర్వాత. ముందు చేతులు చాపు. ఇప్పుడు నీ మోచెయ్యి నువ్వే తడుముకో."

తడుముకున్నాడు. జాకెట్టు విప్పి ఆమె చేతికిచ్చాడు.

అలా తొమ్మిది. పదోది దొరకలేదు. ఆ జాకెట్టు మనిషి క్లబ్బు మానేసి దాన్ని పాత సామాన్ల షాపుకు అమ్మేశాడు. షాపువాణ్ణి అడిగితే ఎవరో పొడుగాటి మనిషి కొనుక్కుపోయాడన్నాడు, అంతకుమించి గుర్తు లేదు. కుట్టక్క ఆ షాపులో ఒక కాగితం అంటించి వచ్చింది. నీలం జాకెట్టు, ఎడమ జేబు మీద ఎర్ర పట్టీ, కొన్నవారు దయచేసి ఒకసారి రావాలి అని. ఎవరూ రాలేదు. ఇప్పటికీ సిగ్నలు దగ్గర నీలం జాకెట్టు కనబడితే రోడ్డుకు అడ్డం పడి వెళ్ళి చూస్తుంది. ఒకసారి హారన్లు మోగి, ఒకతను తిట్టి పోయాడు కూడా.

క్లబ్బులో ఇప్పుడు తనిఖీ బండి మీద కూర్చోబెట్టే జరుగుతుంది. డాక్టరుగారు కొట్టడం మానేశారు. వేళ్ళతో నొక్కి చూస్తారు. కొట్టు పనేమీ పోలేదు, భర్త భయపడినట్టు జరగలేదు. కానీ కొందరు జాకెట్లు మరోచోటికి తీసుకెళ్తున్నారు. ఆమె కూడా ఏ ప్యాడు జోలికీ పోదు. అడిగితే "జిప్పయితే ఇవ్వండి" అంటుంది.

ఆ అమ్మాయి మళ్ళీ మందుల షాపుకు వెళ్తోంది. పై అరల్లోని డబ్బాలు కుడి చేత్తో తీస్తుంది. బైకు అమ్మలేదు, నడపడమూ లేదు. దాని మీద కప్పిన గుడ్డ మీద దుమ్ము పేరుకుంది. కుట్టక్కను తప్పు పట్టిందని ఎవరూ వినలేదు. అలాగని ఆ వీధికి వచ్చిందనీ ఎవరూ వినలేదు.

పోయిన వారం నా సంచి పట్టీ తెగితే కొట్టుకు వెళ్ళాను. ఆమె లారీ సీటుకు రెగ్జిన్ బిగిస్తోంది. పట్టీ కుట్టి చేతికిచ్చి, నేను లేవబోతుంటే అడిగింది.

"ఆ పిల్ల చెయ్యి ఎంతదాకా చాస్తోంది ఇప్పుడు?"

నేను నా ఎడమ చెయ్యి ఎత్తి, ఆ అమ్మాయి చాపగలిగినంత మేరకు చాపి చూపించాను. పూర్తిగా సాగని చెయ్యి, మధ్యలో వంకర. ఆమె కళ్ళార్పకుండా చూసింది.

"పోయిన నెల చూపించిన దానికన్నా కాస్త ఎక్కువేనా?"

"కాస్త ఎక్కువే అక్కా."

తల ఊపింది. రెగ్జిన్ అంచు లాగి పట్టుకుని, మిషను తొక్కడం మొదలుపెట్టింది.