చేప కరిచిన ఎలుక

మొన్న శుక్రవారం పొద్దున, ఈ అరబ్బు దేశంలో నజ్మా అనే పేటలోని మా గదికి కొత్తగా వచ్చిన జగిత్యాల డ్రైవరు, నా అరలో సబ్బుపెట్టె పక్కనున్న ఎలుకను చూసి, "కాకా, ఎలుక సొచ్చిందే!" అని అరుస్తూ చెప్పు తీసుకుని ఒక్కటిచ్చాడు. ఎలుక కిందపడింది గానీ పారిపోలేదు. వంగి చూస్తే దాని పొట్టకింద గాలం కొక్కెం కనబడి పాపం ఇంకా బిత్తరపోయాడు. నవ్వు ఆపుకోలేక, దాన్ని దులిపి మళ్ళీ అరలో పెట్టుకున్నాను.

నా ఈడువాళ్ళలో రాస్ లఫాన్ గ్యాసు ప్లాంట్లలో పనిచేసినవాళ్ళకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కరలేదు. అల్ ఖోర్ క్యాంపు నుంచి బస్సు, బస్సు దిగితే ఎండ, ఎండలో ఇనుప పైపులు. నేను స్కాఫోల్డింగ్, అంటే ఆ పైపులతో పరంజా, కట్టేవాణ్ణి. ఒకనాడు పైపు జారి నా కుడిచేతి వేళ్ళమీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ, వేళ్ళు నా మాట వినడం మానేశాయి. అన్నం కలుపుకోలేక చిన్నపిల్లాడిలా చెంచాతో తినేవాణ్ణి. డాక్టరు నొక్కమని ఒక రబ్బరు బంతి ఇచ్చి, మళ్ళీ పరీక్ష చేసేనాటికి పట్టు రాకపోతే ఇంటికి పంపక తప్పదన్నాడు. మా ఊళ్ళో ఏ అరబ్బు దేశమైనా దుబాయే. దుబాయ్‌లో మా ఆయన బాగున్నాడని ఊరంతా చెప్పుకునే మా ఆవిడకు ఆ మాట ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చెయ్యి బాగయ్యేదాకా నన్ను మా సేఫ్టీ సారు ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆయనది కెనడా, చేపల పిచ్చి మనిషి. వాళ్ళ దేశపు చల్లటి నదుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుందట, నీళ్ళమీద ఈదుకుంటూ పోయే ఎలుకను కిందినుంచి వచ్చి గుటుక్కున మింగుతుందట. అందుకని సెలవుకు పోయేముందు లంచ్ టైములో కూర్చుని, కొక్కేలకు జింక వెంట్రుకలు కట్టి దొంగ ఎలుకలు తయారుచేసేవాడు. చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేనిచోట నదిచేపకు ఎలుకలు చేస్తున్నాడంటే, ఎండదెబ్బ తగిలిందేమోనని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆ సారు ఒకరోజు నా చేతిలోని బంతి తీసి పక్కనబెట్టి, దారపు ఉండ పెట్టి, "యల్లా భాయ్, స్లోలీ స్లోలీ" అంటూ మెల్లగా మొదలుపెట్టమన్నాడు. చిటికెడు వెంట్రుకలు కొక్కెం మీద ఆనించి, దారం చుట్టి లాగితే అవి గుప్పున విచ్చుకుంటాయి, వాటిని కత్తిరిస్తే ఎలుక ఒళ్ళు వస్తుంది, తోలుముక్క కడితే తోక. చెప్పడానికి అంతే. నా వేళ్ళకు దారమే ఆగేది కాదు, ఏసీ గాలికి వెంట్రుకలన్నీ లేచి సారు చాయ్‌లో పడేవి. ఆయన విసుక్కోకుండా వాటిని తీసేసుకుని తాగేవాడు. అలా రోజూ తంటాలుపడితే, ఎట్టకేలకు ఒక ఎలుక తయారైంది. గూని ఎలుక, ఒక చెవే ఉంది. సిగ్గుపడి దాచబోతే సారు లాక్కుని జేబులో వేసుకుని సెలవుకు వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు మా వాగులో గాలానికి కప్పను గుచ్చి కొర్రమట్టలను పట్టినవాణ్ణే గనక, ఇంత వికారపు ఎలుకను ఏ చేపా ముట్టదని నాకు గట్టి నమ్మకం.

డాక్టరు పరీక్షకు ముందురోజు సారు తిరిగొచ్చాడు. బ్యాగు కిందపెట్టకుండానే కాగితంలో చుట్టిన నా ఎలుకను తీసి చేతిలో పెట్టాడు. వీపుమీద వెంట్రుకలు చీరుకుపోయాయి, తోక సగమే ఉంది. "భాయ్, మఛ్లీ పాస్ బోలా!" అని, అంటే నా ఎలుకను చేప పాస్ చేసిందని, పెద్దగా నవ్వాడు. ఆ చేపను పట్టి, ఫోటో కూడా తీయకుండా మళ్ళీ నీళ్ళలో వదిలేశాడట. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు డాక్టరు తన రెండు వేళ్ళిచ్చి నొక్కమన్నాడు, నొక్కాను, ఆయన మొహం చిట్లించి "ఖలాస్, డ్యూటీకి పో" అన్నాడు. ఆ మధ్యాహ్నం చెంచా పక్కనబెట్టి పప్పన్నం చేత్తో కలుపుకుని తిన్నాను.

సారు రిటైరై చాలాకాలమైంది. ఇప్పుడొచ్చే సేఫ్టీ సార్లూ మంచివాళ్ళే, నమస్తే అంటే నమస్తే అంటారు, కానీ లంచ్ టైములో వాళ్ళ ఫోన్లు వాళ్ళవి, మా ఫోన్లు మావి. ఒకరి చాయ్‌లో ఒకరి వెంట్రుకలు పడేటంత దగ్గరగా ఎవరం కూర్చోవడంలేదు. ఆ నది పేరైనా అడిగి ఉంచుకోవలసింది. నా వేళ్ళమీద నాకే నమ్మకం పోయిన రోజుల్లో, అక్కడెక్కడో చల్లటి నీళ్ళలో, నా మొహమైనా చూడని ఒక చేప వాటిని నమ్మింది.