సూదుల డాక్టరుకి ఎర్ర పతాకం

చైనాలో మా నాన్‌చాంగ్ ఊరి సందులో యూజెన్ చేతి బియ్యపు నూడుల్స్ తినని వాళ్లు లేరు. అలాంటి మనిషి యాభై దాటాక మంచం దిగడం మానేసింది. ఎందుకేడుస్తోందో తనకే తెలియదు. ఆసుపత్రిలో డిప్రెషన్ అన్నారు. మాత్రలు రాసి, వాటికి తోడుగా కింది అంతస్తులో ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చించుకోమన్నారు.

అత్తగారు సందంతా చాటింది: "మా కోడలికి మెడనొప్పమ్మా! సూదులేయిస్తున్నాం." సూదుల సంగతి నలుగురికీ చెప్పుకోవచ్చు, మాత్రలైతే పరువు పోతుంది! అందుకని అవి టీ ఆకు డబ్బాలో దాక్కున్నాయి. దేనికి సిగ్గుపడాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

చలికాలం పోయేసరికి యూజెన్ లేచింది. నూడుల్స్ బండి తెరిచింది, మిరపకారం దంచింది, "ఏంటక్కా, లావయ్యావు" అని నన్ను ఆటపట్టించింది కూడా. నాకెంత సంతోషమో! మొగుడు టాన్‌కి మాత్రం పతాకం పిచ్చి పట్టుకుంది. నయం చేసిన వైద్యులకి ఎర్ర మఖమలు పతాకం ఇవ్వడం మావాళ్ల మర్యాదే. ఈ మహానుభావుడు దాని మీద "మందుబిళ్ల లేకుండా బాగుచేసిన సూది" అని బంగారు అక్షరాలు కుట్టించాడు. కుట్టించాక, అది అబద్ధం కాకూడదని మాత్రలన్నీ చెత్తలో పోశాడు. ఎంత నిజాయితీపరుడో!

సూదుల డాక్టరు మియావ్ అది చదివి ముఖం చిట్లించింది. "మాత్రలేవి?"

"పారేశాం డాక్టరమ్మా! అంతా మీ చేతి చలవే."

"బుద్ధుందా మీకు? నా సూదులు వాటికి తోడే గానీ బదులు కాదు. ఇవాళే పైకెళ్లి మళ్లీ రాయించుకోండి." పతాకం ఆయన చేతిలోనే పెట్టేసింది.

టాన్ పైకి వెళ్లలేదు. పతాకంతో దిగిన ఫొటో పొద్దున్నే సందులో అందరి ఫోన్లలోకీ పంపేశాడు మరి. ఇప్పుడు మాత్రలు కొంటే పరువేం కాను? పతాకాన్ని తెచ్చి పెళ్లాం మంచం పైన తగిలించాడు. కొన్నాళ్లకే నూడుల్స్ బండి మూతపడింది.

ఒళ్లు మండి వాళ్లింటికి వెళ్లాను. యూజెన్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"వదినా, ఇంకో నాలుగు సూదులు పడితే..." అని టాన్ మొదలెట్టాడు.

"నోర్ముయ్!" అన్నాను.

"అక్కా," అంది యూజెన్, ఇటు తిరక్కుండానే. "నేను చచ్చినా ఆ పతాకం మాట నిలబడాలంట. దాన్ని దించి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లు."

దించి మంచం కిందకి తోశాను. చెయ్యి పట్టుకుని సందులోంచి నడిపిస్తుంటే ఎవరో అడిగారు, "మళ్లీ మెడనొప్పా?"

యూజెన్ ఆగింది. "కాదు. డిప్రెషన్. మాత్రలకి వెళ్తున్నా."