‘చెల్లెలు’ మీద గీత

ఐర్లండు 1911 జనాభా లెక్కల్లో మా ఇంటి కాగితాన్ని ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. కంప్యూటరులో మేయో జిల్లా అని, లావెల్ అనే ఇంటిపేరు కొడితే వస్తుంది. ఇంటి యజమాని ఆంథొనీ, డెబ్బై ఏడేళ్లు. కోడలు ఊనా, ఇరవై ఆరు. మూడో వరుసలో సబీనా. యజమానికి ఏమవుతుంది అన్న గడిలో ‘చెల్లెలు’ అని ఆంథొనీ వంకర చేతిరాత ఉంది. దాని మీద ఒక గీత. పైన వేరే చేతిరాతలో ‘పనిమనిషి’.

గీత కానిస్టేబుల్ పొరపాటని మా బంధువుల్లో కొందరంటారు. తమ్ముడి వరస వాడొకడు సబీనాలు ఇద్దరు ఉండి ఉంటారని వంశవృక్షంలో ఇద్దరినీ వేశాడు. ఇద్దరున్న మాట నిజమే. అతను వేసిన చోట మాత్రం కాదు.

ఊనా మా నాయనమ్మ. ఆ గీత పడిన రోజు ఆమె ఆ గదిలోనే ఉంది. నేను చెప్పేదంతా ఆమె చెప్పిందే.

సబీనా పెళ్లి చేసుకోలేదు. తల్లి కేథరిన్ మంచం పడితే ఆమె చూసింది. వదిన పోతే వదిన కొడుకుని పెంచింది. సముద్రపు నాచు బుట్టకెత్తి, ఎరువుకని చేలోకి వీపు మీద మోసింది. కట్టెలకు బదులు పొయ్యిలోకి బురదనేల నుంచి పీట్ మట్టిగడ్డలు కోసి ఆరబెట్టింది. వయసులో ఉండగా మెక్‌హేల్ అనే పడవవాడు ఆమెను పెళ్లికి అడిగాడు. ఇంటి ఆడపిల్ల వెళ్లిపోతే మంచంలో ఉన్న అమ్మ ఏమైపోతుందని ఆంథొనీ అన్నాడు. అది న్యాయంగానే తోచింది. ఆమె ఉండిపోయింది.

మా చేనుకి ఉత్తరపు మూల ఒకటుంది. దాన్ని దున్నరు. అది కనపడనివాళ్ల చోటని, అక్కడ మనుషులు కానివాళ్లు ఉంటారని పెద్దవాళ్లు చెప్పేవారు. మా వైపు అలాంటి చోట్ల పార పెట్టరు, పశువుని కట్టరు. సబీనా చిన్నప్పటినుంచీ ఆ మూల వచ్చేసరికి శిలువ గుర్తు వేసుకుని, ముఖం తిప్పుకుని నడిచేది.

తనదంటూ ఆమెకు ఉన్నది ఒక కథ. అది తల్లి చెప్పింది. 1839లో దేశమంతా వీచిన పెనుగాలి రాత్రి ఇంటి కప్పు ఎగిరిపోతే, ఊయలలోని సబీనాని తల్లి తీసి నేలమీద పెట్టి, పిండి కలిపే చెక్కతొట్టి పైన బోర్లించి కాపాడింది. సబీనా నుదుటి మీద మచ్చ ఆ తొట్టి అంచు తగిలిందే. ఎవరింట్లో చావుకి జాగారం కూర్చున్నా ఆ కథ సబీనా చెప్పవలసిందే. మచ్చ చూపించేది.

డెబ్బై దాటినవాళ్లకి సర్కారు వారం వారం పింఛను ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ కథే పట్టుకుని వెళ్లింది. వాళ్లు పుట్టినప్పుడు పుట్టుకలు రాసే పద్ధతి లేదు. పెనుగాలి గుర్తుంటే డెబ్బై ఉన్నట్టే అని జనం అనుకున్నారు. ఊరంతటికీ గుర్తొచ్చింది.

“పెనుగాలి రాత్రి ఎక్కడున్నావమ్మా?” అన్నాడు పింఛను ఆఫీసరు.

“తొట్టి కిందండీ.”

“నయం, కొత్తది చెప్పావు. నీకు ముందొచ్చిన ప్రతివాడూ ఆ రాత్రి అరచేతిలో బంగాళాదుంప పెట్టుకుని తింటున్నాడట. గాలికి కప్పులెగిరాయి గానీ మేయోలో ఒక్క దుంప కూడా ఎగిరినట్టు లేదు. వెళ్లి కాగితం తీసుకురా.”

కాగితమంటే పాత జనాభా లెక్కలు. అవి డబ్లిన్‌లో ఉండేవి. తల్లిదండ్రుల పేర్లు, ఊరు, సంవత్సరం రాసి పంపితే గుమాస్తాలు 1841వి గానీ 1851వి గానీ వెతికి, దొరికింది రాసి పంపేవారు. ఆంథొనీకి నలభై ఒకటిలో దొరికింది. పింఛను వస్తోంది. తర్వాత పదేళ్లకి ఆ లెక్కల పుస్తకాలు తగలబడిపోయాయి. ముసలివాళ్ల వయసు కోసం నకలు రాసిన చీటీలు మాత్రం మిగిలాయి. సబీనా చీటీ కూడా మిగిలింది. నేను చూశాను.

ఆమె చాలాకాలం మళ్లీ ప్రయత్నించలేదు. కాగితాల జోలికి పోవద్దని ఆంథొనీ అనేవాడు. చివరికి బడి మాస్టారు పాడెన్ తనే ఫారం తెచ్చుకుని ఇంటికొచ్చాడు.

“ఏ సంవత్సరం రాయమంటావు సబీనమ్మా?”

“నలభై ఒకటి,” అన్నాడు ఆంథొనీ పొయ్యి దగ్గర నుంచి. “నాది అందులోనే దొరికింది. దానిదీ అందులోనే ఉంటుంది.”

“యాభై ఒకటి రాయండి మాస్టారూ,” అంది సబీనా. “అది నాకు గుర్తుంది. కానిస్టేబుల్ ఇదిగో ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. నాన్న ఒక్కొక్కరి పేరూ చెప్తుంటే అతను రాస్తున్నాడు. మధ్యలో అమ్మ నన్ను నీళ్లకి పంపింది. నేనొచ్చేసరికి అతను మజ్జిగ తాగుతున్నాడు. అందులో లేకపోతే ఇంకెందులో ఉంటాను?”

“నలభై ఒకటి రాయమంటుంటే!”

“ఏంటన్నా, నీ పింఛనులోంచి కోసి ఇస్తారా ఏంటి నాకు?”

ఊనా నవ్వింది. “అదేం కాదత్తా. చేతిలో నాలుగు డబ్బులు పడితే నువ్వు మామయ్య మాట వినవని బెంగ.”

“ఇప్పుడు మాత్రం వింటున్నానా?”

మాస్టారు కూడా నవ్వి, యాభై ఒకటి అని రాశాడు. ఆంథొనీ లేచి బయటికి పోయాడు. టోపీ పెట్టుకోలేదు. ఆయన టోపీ లేకుండా గుమ్మం దాటడం ఊనా ఎన్నడూ చూడలేదు.

జవాబు ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజుల్లో వచ్చింది. మాస్టారు తనే తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“కుటుంబం దొరికింది,” అన్నాడు.

“చెప్పానా!” అంది సబీనా.

మాస్టారు చదివాడు. యాభై ఒకటి లెక్కల్లో ఇంట్లో ఉన్నవాళ్లనే కాక, అంతకుముందు దుంపల పంట కుళ్లిపోయి వచ్చిన కరువులో పోయినవాళ్లనీ రాయించుకున్నారు. థామస్ లావెల్, భార్య కేథరిన్, కొడుకు ఆంథొనీ. పోయినవాళ్లలో సబీనా, కూతురు, తొమ్మిదేళ్లు, 1847లో, జ్వరం.

సబీనా మాస్టారి వంక చూసింది. తర్వాత పెద్దగా నవ్వింది.

“చచ్చిపోయానా? ఆఫీసరుతో చెప్పండి మాస్టారూ, అక్కడ చలిగా ఉంది, పింఛనుతో పాటు ఒక శాలువా కూడా పంపమని.”

ఎవరూ నవ్వలేదు.

“ఇంకో వరుస ఉంది,” అన్నాడు మాస్టారు. “ఇంట్లో ఉన్న ఇతరులు. పనిపిల్ల. ఎనిమిదేళ్లు ఉండవచ్చు. పేరు తెలియదు.”

“పనిపిల్లా? మాకెప్పుడూ పనిపిల్ల లేదే. అన్నా, ఎవరా పిల్ల?”

ఆంథొనీ పొయ్యిలోకి చూస్తున్నాడు.

“అన్నా, నిన్నే. ఎవరది?”

అడుగుతుండగానే ఆమె ముఖం మారిపోయిందని ఊనా చెప్పేది. ముందు కళ్లు, ఆ తర్వాత నోరు. చెయ్యి నుదుటి మీదికి పోయింది.

“మరి ఈ మచ్చ?”

“నువ్వు వచ్చినప్పుడే ఉంది,” అన్నాడు ఆంథొనీ.

తర్వాత ఆయన ఆపకుండా చెప్పాడు. ఆ మాటలు అరవై ఏళ్లకు పైగా లోపల వరసగా పేర్చుకున్నట్టే ఉన్నాయి. చెల్లెల్ని పాతిపెట్టిన కొద్ది రోజులకి ఒకావిడ పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇంట్లో వాళ్లకే తిండి లేదు. ఒక్కరికైతే పెడతానంది కేథరిన్. ఆవిడ పిల్లని లోపలికి తోసింది. కేథరిన్ పిల్లకి సబీనా గౌను తొడిగింది. జ్వరమొచ్చి అన్నీ మర్చిపోయావని చెప్పింది.

“ఆవిడ?” అంది సబీనా.

“బయట గోడకి ఆనుకుని కూర్చుంది.”

“ఎంతసేపు?”

ఆయన పొయ్యిలో బూడిద కదిపాడు.

“ఆంథొనీ, ఎంతసేపు కూర్చుంది?”

“లేవలేదు.”

“ఎక్కడ పెట్టారు?”

ఆయన కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి కనిపించేది ఉత్తరపు మూల.

“కనపడనివాళ్ల చోటు,” అంది సబీనా మెల్లగా. “ముఖం తిప్పుకుని నడవమన్నారు. నడిచాను. ఆవిడ పేరేమిటి?”

“అడగలేదు.”

“నన్నేమని పిలిచింది?”

“ఏదో పిలిచింది. గుర్తులేదు, సబీనా.”

“సబీనా అనకు.”

ఊనా ఆమె చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకుంది.

“నీకూ తెలుసా?”

“లేదత్తా. దేవుడి మీద ఒట్టు.”

“ఊళ్లో ముసలివాళ్లకి తెలిసే ఉంటుంది. నేను తొట్టి కథ చెప్తుంటే ఎలా విన్నారో. మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అనేవాళ్లు.” ఆంథొనీ వైపు తిరిగింది. “నాన్న నన్ను పనిపిల్ల అన్నాడు.”

“పోలీసువాడి ముందు అబద్ధం చెప్తే జైల్లో పెడతారని భయపడ్డాడే.”

“ఏది అబద్ధం? నేను కూతురునన్న మాటా?”

“అది కాదు. అమ్మ నిన్ను ఎంత—”

“అమ్మ మాట ఎత్తకు. మెక్‌హేల్ అడిగినప్పుడు ఏమన్నావు? ఇంటి ఆడపిల్ల ఇల్లు విడిచి పోతుందా అన్నావు. పనిపిల్లనని ఆ రోజు చెప్పి ఉంటే పోయేదాన్ని కదరా. పనివాళ్లు పోవచ్చు. వాళ్లని ఎవరూ తప్పు పట్టరు.”

ఆంథొనీ ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. తర్వాత మాస్టారుతో అన్నాడు, ఆమెతో కాదు.

“నలభై ఒకటి అని రాసి ఇంకోటి పంపండి. అందులో సబీనా మూడేళ్ల పిల్ల, బతికే ఉంది. పింఛను వస్తుంది. ఎవరికి నష్టం?”

మాస్టారు సబీనా వైపు చూశాడు. పంపడానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడని ఊనాకి అనిపించింది.

“ఆ పిల్ల గౌను తొడుక్కున్నాను,” అంది సబీనా. “ఆ పిల్ల పేరు మోశాను. ఆ పిల్ల మీద ఎగిరిన కప్పు గురించి ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు దాని పింఛను కూడా తినమంటారా? నాకు డెబ్బై కూడా రాలేదన్నమాట. చూడండి, ఎంత మంచి కబురో. వయసు తగ్గింది.”

మాస్టారు కొత్త ఫారం ఇవ్వకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి ఆమె వాళ్లతో తినలేదు. ఆంథొనీకి, ఊనాకి దుంపలు, చేప వడ్డించి నిలబడేది. వాళ్లు లేచాక తినేది. పొయ్యి పక్కన తన ముక్కాలి పీట తీసి తలుపు దగ్గర వేసుకుంది. ఆంథొనీని అన్నా అనడం మానేసింది.

“మజ్జిగ పొయ్యమంటారా, అయ్యా?”

“అలా పిలవకు.”

“సరే, అయ్యా.”

ఊనా బతిమాలింది. మామయ్య రాత్రుళ్లు నిద్రపోవడం లేదంది. “ఆయన ఇంటి యజమాని, తల్లీ. నిద్రపోవడం, పోకపోవడం ఆయన ఇష్టం,” అంది సబీనా. అరవలేదు, ఏడవలేదు. అది భరించడం ఇంకా కష్టమయిందని ఊనా చెప్పేది.

ఏప్రిల్ మొదట్లో కొత్త జనాభా లెక్కలు వచ్చాయి. కానిస్టేబుల్ ముందే ఫారం ఇచ్చి వెళ్లాడు. ఊనా మొగుడు, అంటే మా తాత, స్కాట్లండులో పనిలో ఉన్నాడు కాబట్టి ఇంట్లో ముగ్గురే. ఆంథొనీ బల్ల దగ్గర చాలాసేపు కూర్చుని తన చేత్తోనే నింపాడు. మూడో వరుసలో ‘చెల్లెలు’ అని రాసి, సిరా ఆరేదాకా కాగితం వంకే చూస్తూ కూర్చున్నాడు. అది ఆమెకు చూపించాలనుకున్నాడేమో. ఆమెకు చదువు రాదు.

సోమవారం కానిస్టేబుల్ వచ్చి, సరిచూడటానికి ఒక్కొక్క వరుసా పైకి చదివాడు.

“సబీనా లావెల్. చెల్లెలు.”

“తప్పు రాశారు,” అంది సబీనా తలుపు దగ్గర నుంచి. “దిద్దండి. పనిమనిషి.”

కానిస్టేబుల్ కుర్రవాడేం కాదు. ఇళ్లలో తగాదాలు చూసినవాడే. “యజమాని చెప్పిందే రాయాలమ్మా,” అన్నాడు.

“ఈ ఇంటి యజమాని ఇదివరకే ఒకసారి చెప్పాడు. డబ్లిన్‌లో ఉంది, వెళ్లి చూసుకోండి.”

కానిస్టేబుల్ ఆంథొనీ వైపు చూశాడు. ఆంథొనీ ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు.

“దిద్దండి,” అన్నాడు ఆంథొనీ.

కలం గీరిన చప్పుడు ఊనాకి ముసలితనంలో కూడా గుర్తుండేది.

“పేరు కూడా తప్పేనా?” అన్నాడు కానిస్టేబుల్ తేలిగ్గా, గదిలో బరువు తగ్గిద్దామని.

“తప్పే. సరైంది మాత్రం ఎవరికీ తెలియదు. ఉండనివ్వండి.”

ఆమె అతనికి మజ్జిగ ఇచ్చింది. అతను తాగుతుండగా బకెట్ తీసుకుని నీళ్లకి బయల్దేరింది. బావి దారిలో ఉత్తరపు మూల దగ్గర ఆగింది. శిలువ గుర్తు వేసుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. బకెట్ కింద పెట్టి, అక్కడి రాతిగోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

ఆంథొనీ గుమ్మంలోకి వచ్చి పిలిచాడు. సబీనా అని ఒకసారి, చెల్లీ అని ఒకసారి. ఆమె లేవలేదు. ఆ పూట ఆవు పాలు ఊనా పితికింది.