అప్పగింతలకు వేసిన నీలం రంగు

2023 వేసవి. మార్కాపురంలో నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో వెనుక గది. ఉన్నవి: రెండు మానిటర్లు, ఒక హార్డ్ డిస్క్, మూడు కుర్చీలు. ఉన్నవారు: నేను, పెద్దారవీడు వైపు ఊరి నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు సునీత, ఆమె అవ్వ. రానివాడు పెళ్లికొడుకు రమణ. సునీతకు సొంత మేనమామ, అవ్వకు చిన్న కొడుకు.

"మామ మూడు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదన్నా. నీ వీడియో చూసినకాడి నుంచి. ఇష్టం లేకుంటే ముందే చెప్పాల్సింది, ఎందుకు చేసుకున్నావని ఆ రోజు అన్నాడు, అంతే," అంది సునీత.

నాకు చిరాకేసింది. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నా పనికి ఒక పద్ధతి ఉంది. దృశ్యాన్ని పసుపు వైపు జరిపితే సంబరం, నీలం వైపు జరిపితే దిగులు. దీన్నే కలర్ గ్రేడింగ్ అంటారు. తలంబ్రాలకు హుషారైన తాళం, అప్పగింతలకు నిదానంగా వేణువు. ప్రతి ఘట్టానికీ ప్రీసెట్, అంటే ముందే సిద్ధం చేసిన సెట్టింగ్, నా దగ్గర ఉంది. అప్పటిదాకా ఎవరూ వంక పెట్టలేదు.

వీడియో వేశాను. సునీత తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. తెరంతా నీలం, వెనుక వేణువు.

"ఎవరు పోయినారని నాయనా ఈ ఊదుడు?" అంది అవ్వ. "పిల్ల మొగం చూడు, పాము కరిసినట్టు నీలం తిరిగిపోయింది."

"అప్పగింతలంటే అట్లనే ఉంటాయవ్వా."

"ఏంది ఉండేది? ఆ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్క గోడ. ఏ దేశం పోయిందని?"

పంతం కొద్దీ పసుపు చేశాను. కామెర్లు వచ్చినట్టుందట. వేణువు తీసి నాదస్వరం పెట్టాను. పిల్ల ఏడుస్తుంటే పక్కింటివాళ్లు పండగ చేసుకుంటున్నట్టు తయారైంది. గులాబీ రంగు వేశాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. గంటన్నర గడిచాక నా ఓపిక చచ్చిపోయింది.

"ఏడుస్తున్న మొహానికి నేనేం చేసేదమ్మా? ఏడ్చింది నువ్వే కదా!"

"ఏడ్చినాను, సరే. ఎందుకేడ్చినానో నువ్వు విన్నావా అన్నా?"

వినలేదు. బ్యాండు మోత, జనరేటర్ రొద ఉంటాయని, కెమెరాలో రికార్డయిన శబ్దాన్ని మేం మొదటే మ్యూట్ చేస్తాం. విసుగ్గానే అసలు క్లిప్ తెరిచి శబ్దం పెంచాను. తల్లి ఎక్కిళ్లు. వాటి మధ్య సునీత గొంతు:

"నువ్వు ఏడవమాకమ్మా, నువ్వేడిస్తే నాకూ వస్తాది. మామ కాడికే గదా పోతాండేది. మామ కాకుంటే నేను పెళ్లికే ఒప్పుకునేదాన్ని కాదు గదా."

ఆ సమయంలో రమణ బయట బ్యాండు వాళ్ల దగ్గర ఉన్నాడట. ఈ మాటలు అతని చెవిన పడలేదు. నేనేమో వాటిని నొక్కేసి, వాటి మీద వేణువు పరిచి అతనికి ఇచ్చాను.

రంగు తీసేశాను, సంగీతం తీసేశాను. ఆ ముక్కను సునీత ఫోన్ నుంచే రమణకు పంపించాం. కాసేపటికి ఫోన్ మోగింది. గది అంతా వినిపించేంత గట్టిగా ఉంది అతని గొంతు.

"యాడుండారు? బండేసుకుని వస్తాండా. బస్సెక్కమాకండి."

"మాట్లాడినాడు మహానుభావుడు," అంది అవ్వ, చెప్పులు వెతుక్కుంటూ.

రంగూ సంగీతమూ మనిషి మనసును ఎటు కావాలంటే అటు తిప్పగలవు. కాబట్టే అవి వేసేముందు ఆ మనిషి ఏమన్నదో వినాలి. ఇది నాకు ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఇప్పుడు ప్రతి పెళ్లి శబ్దాన్నీ మొదటి నుంచి చివరిదాకా వింటున్నాను. పని రెట్టింపయింది. విసుగూ అంతే.

రమణకు పంపిన క్లిప్ నిడివి ఇరవై రెండు సెకన్లు.