ఈశ్వరమ్మ ఊడ్చే కొండ

ఇల్లు ఊడ్చే ఆడవాళ్లను ఎక్కడైనా చూస్తాం. కొండను ఊడ్చే మనిషిని చూడాలంటే మాఘం వెళ్లాక అరకు నుంచి దిగువకు దిగే వాలులో ఉన్న ఆ చిన్న ఊరికి పోవాలి. యాభై దాటిన ఈశ్వరమ్మ కొమ్మల చీపురు పట్టుకుని ఊటకొండ నడుం చుట్టూ ఎండుటాకు తోసేస్తూ కనిపిస్తుంది. రెండు బారల వెడల్పున నేల కనబడేదాకా ఊడుస్తుంది. కింద నిప్పు అంటుకుంటే ఆ ఖాళీ నేల దగ్గరే ఆగాలి, పైన అడవిలోకి పోకూడదు. మొత్తం రెండు కిలోమీటర్లు. ఊడ్చిన వారానికి మళ్లీ ఆకు రాలుతుంది, మళ్లీ మొదలు. ఫారెస్టు వాళ్లు దాన్ని ఫైర్ లైను అంటారు. ఊరివాళ్లు మొదట్లో ఈశ్వరమ్మ పిచ్చి అన్నారు.

ఆ పిచ్చి ఎందుకు పట్టిందో మాత్రం ఆమె ఏడేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

ఏడేళ్ల కిందట చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది, మగవాళ్లంతా ఆనవాయితీ ప్రకారం అడవికి వేటకు పోయారు. ఆడవాళ్లు ఇప్పపువ్వు ఏరుకుంటున్నారు. పువ్వు ఎండుటాకుల్లో రాలితే ఏరడం కష్టం కాబట్టి చెట్టు కింద ఆకుని ముందే కాల్చి నేల శుభ్రం చేసుకోవడం అక్కడి పద్ధతి. ఈశ్వరమ్మ తల్లి అలాగే చేసింది, ఆ తల్లి తల్లీ అలాగే చేసింది. ఈమె కూడా నిప్పు పెట్టి, మంట అణిగిందనుకుని, ఓ పక్కన కూర్చుని చెంబులో తెచ్చుకున్న చోడంబలి, అదే రాగి అంబలి, తాగింది. ఇదివరకైతే ఆ నాటికి ఒకటి రెండు వానలు పడి నేల చెమ్మగా ఉండేది. ఆ ఏడు పుష్యం నుంచి చినుకు లేదు. గాలి లేచింది. చెంబు కింద పెట్టి తలెత్తేసరికి మంట రాళ్లు దాటి ఊటకొండ ఎక్కుతోంది. పచ్చికొమ్మ విరుచుకుని కొడుతూ పరిగెత్తింది. చుట్టుపక్కల ఎవరూ లేరు, ఒక్క మనిషి ఏం ఆపగలదు? కొండ మూడు రోజులు కాలింది.

తప్పు గాసి మీద పడింది. గాసి వేటలో ముందు నడిచేవాడు. జంతువుల్ని పొదల్లోంచి లేపడానికి వేటగాళ్లు నిప్పు పెట్టడం అందరూ ఎరిగిందే, పైగా ఆ రోజు అతను ఊటకొండ వైపే వెళ్లాడు. ఇంకేం, సాక్ష్యం ఎవడడిగాడు! వట్టి చేతులతో తిరిగొచ్చిన మగాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోయడం ఆ పండగలో సరదా. గాసి మీద మాత్రం సరదాగా పోయలేదు, కచ్చగా పోశారు. ఓ కుండెడు ఈశ్వరమ్మ కూడా పోసింది. పోయకపోతే తనను అనుమానిస్తారని పోసింది. దీనికి నేను ఏ సాకూ చెప్పను, ఆమె కూడా చెప్పుకోదు. ఆ తర్వాత గాసిని ఎవరూ వేటకు పిలవలేదు.

మరుసటి వేసవికి ఊట ఎండింది. ఊట నుంచి ఊళ్లోకి వేసిన పైపులో గాలి బుస్సుమంది. ఆడవాళ్లు బిందెలతో వాగు దాకా దిగి ఎక్కుతుంటే ఈశ్వరమ్మ తేలు కుట్టిన దొంగలా వాళ్ల వెనకాలే నడిచేది. చీపురు పట్టింది అప్పుడే.

మధ్యలో ఒకసారి ఆమెకు గొప్ప ఊరట దొరికింది. అరకులో మీటింగు పెట్టారు. విశాఖ నుంచి వచ్చిన ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ, భూమి వేడెక్కిపోయిందనీ, వానలు గతి తప్పాయనీ, కొండ ఊటలు అందుకే ఎండుతున్నాయనీ చెప్పాడు. హమ్మయ్య, తప్పు నాది కాదు, ఆకాశానిది అనుకుంది. ఆ పూట కడుపునిండా తింది. తిరిగొస్తూ జీపులోంచి చూస్తే పక్క కొండ ఊట పారుతూనే ఉంది. అక్కడా అవే ఎండలు, అదే వాన. కాకపోతే అక్కడ చెట్లున్నాయి. ఆ ఊరట ఊరు చేరేలోపే అయిపోయింది.

రెండేళ్లు ఒంటరిగా ఊడ్చింది. మూడో ఏడు పొరుగింటి రమణి చీపురు కట్టుకొచ్చింది, ఆమె వెంట ఇంకో పదిమంది. కాలిన మోళ్లు చిగిర్చాయి. నిరుడు ఊట మళ్లీ వేలెడు లావున కారింది. ఊరు ఈశ్వరమ్మను నెత్తిన పెట్టుకుంది. ఎవరెవరో వచ్చి ఫొటోలు తీసుకున్నారు. పొగిడినప్పుడల్లా ఆమెకు నిజం చెప్పేయాలనిపించేది. అయినా నోరు విప్పితే పదిమందీ చీపుర్లు పారేసి పోతారని భయం. లైను పాడైతే ఒక్క నిప్పురవ్వ చాలు, ఊట మళ్లీ పోతుంది.

ఈ ఏడు ఫాల్గుణంలో ఒక పొద్దున గాసి లైను మీదికి వచ్చాడు. ఏడేళ్లలో బాగా వంగిపోయాడు. చేతిలో కొత్త చీపురు.

"నానూ తుడుస్తానమ్మా. ఏ సివర నిలబెట్టినా సరే," అన్నాడు.

రమణి అడ్డం నిలబడింది. "సిగ్గు నేదేటి నీకు? కొండకి అగ్గెట్టినోడివి, కొండ తుడవడానికొచ్చినావా? ఎల్లెల్లు!"

మిగతావాళ్లూ అందుకున్నారు. గాసి వెనక్కి తిరిగి నడిచాడు. ఈశ్వరమ్మ అతని వెనక నాలుగడుగులు వేసింది.

"ఉండన్నా," అని అరిచింది. రమణి వైపు తిరిగింది. "ఆడు కాదే. నానెట్టినాను అగ్గి. ఇప్పసెట్టు కింద ఆకు కాల్సినాను. సూత్తుండగానే పైకెల్లిపోనాది."

"ఏటప్పా, ఏటంతన్నావు నువ్వు?" అంది రమణి.

"నానేనే. ఆడి మీద పేడనీల్లు కూడా పోసినాను, మీతోటి కలిసి."

గాసి తిరిగొచ్చి బండ మీద కూర్చుని చీపురు ఒళ్లో పెట్టుకున్నాడు. తిడతాడనుకుంది ఈశ్వరమ్మ. కొట్టినా బాగుండుననుకుంది.

"మా ఇంటిది పోయి రెండేల్లయిపోనాది," అన్నాడు చివరికి. "అదీ నన్ను నమ్మనేదు. సచ్చేముందు కూడా అడిగింది, ఎందుకెట్టినావయ్యా అని. నాను కాదే అంటే మొకం అటు తిప్పేసుకుంది. ఇప్పుడు దానికెవులు సెప్తారు?"

 

రమణి, ఇంకో నలుగురు చీపుర్లు అక్కడే పడేసి దిగిపోయారు. ఆ నలుగురూ వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు, రమణి రాలేదు. చైత్రంలో కుర్రాళ్లు గాసి ఇంటికి వెళ్లి, వేటకు ముందు నడవమని బతిమాలారు. మోకాళ్లు సాగవని చెప్పి అతను లైను మీదికే వచ్చాడు. అతను పడమటి చివర నుంచి ఊడుస్తాడు, ఈశ్వరమ్మ తూర్పు చివర నుంచి. వారానికోసారి నడిమధ్య ఎదురవుతారు. ఆమె నీళ్ల సీసా చాపుతుంది. అతను పుచ్చుకోడు. ఇద్దరూ తిరిగి ఎవరి చివరకు వాళ్లు పోయి, మళ్లీ మొదలెడతారు.