తొందరగా ఇంటికి పంపే ఆపరేషన్

ప్రొద్దుటూరులో ఏ ఆడమనిషినైనా అడగండి, జనార్దనశెట్టివి మామూలు కళ్లు కావనే చెబుతుంది. చీరను సంచిలోంచి పూర్తిగా తీయనక్కర్లేదు. కొంగు మొన కనబడితే చాలు, అరలో చేయి పెట్టి దానికి సరిపోయే జాకెట్ ముక్క లాగేస్తాడు. ఆయన అంగట్లోని రంగులు చూస్తే నెమలి సిగ్గుపడి ఈకలు రాల్చుకుంటుంది. అలాంటి మనిషికి జోడీ మాత్రం కుదరలేదు. వయసులో ఉండగా జమ్మలమడుగుకు పెళ్లిచూపులకు పోయి, పిల్ల మొహం వదిలేసి, "రవిక ఒక చాయ తక్కువ పడిందే" అన్నాడట. కాఫీ గ్లాసులు కడిగేలోపే ఆ మాట మూడు తాలూకాలు తిరిగొచ్చింది. మళ్లీ ఆయనకు పిల్లనిస్తామన్న మొనగాడు పుట్టలేదు.

అంగడి వెనకే ఇల్లు. ఇంట్లో ఒక పళ్లెం, ఒక గ్లాసు. అంగడి అరుగు మీద గులాబ్‌బీ కుట్టుమిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఏళ్ల తరబడి ఇద్దరూ మాట్లాడుకున్నదంతా దారం రంగు గురించే. సాయంత్రం ఆమె మిషన్ మీద గోనెపట్టా కప్పి వెళ్లిపోతే, పొద్దున ఎవరో ఒకరు చీర పట్టుకొచ్చేదాకా శెట్టి గొంతుకు పని ఉండదు.

ఒకనాడు పై అరలోంచి గుడ్డ తాను ఒకటి లాగుతుండగా ఎద పట్టేసింది. తిరుపతి పెద్దాసుపత్రిలో చేతి నాళంలోంచి సన్నగొట్టం పంపి చూసి, గుండెకు రక్తం తెచ్చే నాళాలు మూడు పూడుకుపోయాయని చెప్పి వార్డులో పడుకోబెట్టారు.

అక్కడ శెట్టికి ఇంకో రోగం అంటుకుంది. నర్సు ఇరమ్ కడప పిల్ల. వచ్చినప్పుడల్లా, "పెద్దాయనా, తింటివా? నిద్ర పట్టెనా? నొప్పేమన్నా ఉండాదా?" అని అడిగేది. పక్క మంచంలో వేముల రైతు నారాయణ. ఆయన్ను చూడ్డానికి సగం పులివెందుల తాలూకా బస్సెక్కినట్టుండేది. వచ్చినవాళ్లు ఊరికే ఉంటారా? "ఏంప్పా, యా ఊరు? నీకు ఎవరూ రాల్యా?" అంటూ శెట్టి మంచం మీదే చతికిలబడేవాళ్లు. ఇంట్లో ఏడాదికి దొరకని పలకరింపులు అక్కడ పూటకే దొరికాయి. మనిషి ఒళ్లు చేశాడంటే నమ్మండి.

ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టడానికి పులివెందుల నుంచి అన్న కొడుకు శరత్ చంద్ర వచ్చాడు. అక్కడ ఎరువుల అంగడి వాడిది. ఇద్దరినీ కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది.

"బైపాస్ అంటే పూడిన చోటును దాటించి వేరే నాళం కుట్టడం. అది రెండు రకాలుగా చేయొచ్చు. గుండెను ఆపి, దాని పని మిషన్‌కు అప్పగించి కుట్టడం ఒకటి. కొట్టుకుంటుండగానే కుట్టడం ఇంకొకటి. మీకు గుండె నుంచి బయటికొచ్చే పెద్దనాళం గోడకు సున్నం పేరుకుంది. మిషన్ తగిలించాలంటే దాన్ని గట్టిగా పట్టి బిగించాలి. అప్పుడు పెచ్చు ఊడి మెదడుకు పోతే పక్షవాతం. అందుకే మీకు కొట్టుకుంటుండగా చేసేదే మేలు."

"కదిలే గుడ్డ మింద కుట్టు నిలుస్తాదా అమ్మా?"

డాక్టరమ్మ నవ్వింది. "కుట్టే చోటు మటుకు కదలకుండా ఒక పట్టుతో అదిమి ఉంచుతాం."

"ఎంబ్రాయిడరీ పనోళ్లు గుడ్డకు రింగు బిగించినట్టా?"

"అట్లాగే. అయినా కష్టమైన పనే. గుండె వెనకవైపు నాళం సరిగ్గా అందకపోవచ్చు. ఏళ్లు గడిచాక కొన్ని కుట్లు మూసుకుపోయే అవకాశం కాస్త ఎక్కువ. మధ్యలో బీపీ పడిపోతే అప్పటికప్పుడు మిషన్ మీదికి మార్చాల్సి రావచ్చు. కానీ రక్తం తక్కువ పోతుంది, పక్షవాతం భయం తగ్గుతుంది, తొందరగా ఇంటికి పోతారు."

చివరి మాటకు శెట్టి మొహం నీళ్లలో వేసిన నాసిరకం గుడ్డలా వెలిసిపోయింది.

"ఆపి చేసేదాంట్లో ఇంకా కొన్ని దినాలు పెట్టుకుంటారా?"

"మామూలుగా కొంచెం ఎక్కువే."

"అయితే నాకదే చేయండమ్మా."

"ఏంది చిన్నాయనా, తిక్కా?" శరత్ చంద్ర ఎగిరిపడ్డాడు. "లోకమంతా ఇంటికి ఎప్పుడు పోదామా అని ఏడుస్తాంటే!"

"కుట్టు గట్టిగుండల్ల గదరా," అన్నాడు శెట్టి, ఎటో చూస్తూ.

రేపటికల్లా ఏదో ఒకటి చెప్పమంది డాక్టరమ్మ. మంచం మీద పడుకుని శెట్టి తూచుకున్నాడు. ఒకవైపు పక్షవాతం, ఇంకోవైపు ఇరమ్ అడిగే మరికొన్ని "తింటివా"లు. ముల్లు అటూ ఇటూ ఊగింది. మందు ఇవ్వడానికి ఆ పిల్ల రాగానే అడిగాడు.

"పక్షవాతమొస్తే మాట పోతాదా పాపా?"

"కొందరికి పోతాది పెద్దాయనా. ఎందుకడుగుతాండావు?"

శెట్టికి తన అంగడి కళ్లకు కట్టింది. గులాబ్‌బీ అరుగు మీంచి "ఏ దారం శెట్టీ?" అంటుంది. చెప్పడానికి నోరుండదు. ఉన్న ఆ నాలుగు మాటలకూ తాళం పడుతుంది. మందు మింగి అన్నాడు, "డాక్టరమ్మకు చెప్పు పాపా. కొట్టుకుంటాండగానే కానీమని."

అంతా సవ్యంగా జరిగింది. గుండె ఆపి చేయించుకున్న నారాయణ ఇంకా మంచం మీదే ఉండగా, ఆయన తర్వాత ఆపరేషన్‌కు పోయిన శెట్టిని ఇంటికి పంపించేశారు. "అదృష్టమంటే నీదేనప్పా!" అన్నారు వేముల జనం. ఇరమ్ ఒక చిన్న దిండు చేతిలో పెట్టి, "దీన్ని ఎదకు అదుముకొని గట్టిగా దగ్గల్ల. కళ్లె నిలవగూడదు. మర్సిపోవాకు," అని చెప్పి ఇంకో మంచం దగ్గరికి పోయింది.

శరత్ చంద్ర కారులో తెచ్చి, ఇంజన్ ఆపకుండానే గడప దగ్గర దించాడు. పూటపూటకూ క్యారియర్ వచ్చే ఏర్పాటు చేశానన్నాడు. వీధి వీధంతా వచ్చిపడింది. డాక్టరమ్మ అరచేతిలో శెట్టి గుండె చేపపిల్లలా గంతులేసిందని ఒకరు, అది గంతేస్తుంటే ఆమె వెంటపడి కుట్టిందని ఇంకొకరు చెప్పుకున్నారు. శెట్టి కాదనలేదు. కాదంటే వాళ్లు లేచిపోతారు. అయినా దీపాల వేళకు లేచిపోయారు.

అరుగు మీద గులాబ్‌బీ మిషన్‌కు గోనెపట్టా కప్పుతోంది. లోపల శెట్టి దిండు అదుముకుని దగ్గాడు.

"అదేం దగ్గు శెట్టీ, పిల్లికూన మాదిరి! గట్టిగా దగ్గు."

దగ్గాడు.

"ఈడికి వినపడల్యా. ఇంకా!"

ఆపరేషన్‌లో కోసిన ఎద ఎముక కలుక్కుమన్నా మళ్లీ దగ్గాడు.

"ఆఁ, ఇప్పుడు సరిగుండాది. పొద్దున చిలకపచ్చ చీరొకటి కుట్టల్ల, దారం తీసిపెట్టు."

చెప్పుల చప్పుడు అరుగు దిగింది. శెట్టి ఇంకోసారి దగ్గాడు, అవసరమైనదానికంటే గట్టిగా. చప్పుడు ఆగలేదు. అది మలుపు తిరిగేదాకా దగ్గుతూనే ఉన్నాడు.

తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ అంగట్లోకి వచ్చి లైటు వేశాడు. చిలకపచ్చ దారం ఏ అరలో ఉందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. అయినా చాలాసేపు వెతికాడు.